మూడు గంటల తరవాత ఎలా ఉంటుంది?

పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంట తెచ్చి అందరూ కలిసి తినే విందుకి, ఏం వండుకెళ్ళాలని అడిగితే ఎవరైనా చెప్పే మాట, "నీకు బాగా వచ్చింది చెయ్యి" అని. ఈ సలహా తప్పని నా గట్టి అభిప్రాయం. మనకు బాగా వచ్చిన వంట అంటే పొయ్యి మీంచి దించి వెంటనే వడ్డిస్తే బాగుండే వంట. పాట్‌లక్‌లో ఎవరూ అలా తినరు. సాయంత్రం అయిదింటికి హాలుకి చేరాలంటే మూడున్నరకే స్టవ్ ఆర్పాలి. డబ్బాలో సర్ది, కారులో పెట్టి, పార్కింగ్ వెతుక్కుని, బల్ల మీద పెట్టేసరికి గంటన్నర. ఆ తరవాత పిల్లల పాటలు, పరిచయాలు, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూపులు. మొదటి గరిటె మొదటి పళ్ళెంలో పడేసరికి ఆ వంటకి మూడు గంటల వయసొస్తుంది. హైదరాబాదు అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసులో ఉగాది చేసుకున్నా, న్యూజెర్సీ పార్కులో వనభోజనాలు పెట్టుకున్నా లెక్క ఇంతే. కాబట్టి వంటకం ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఒకటే: మూడు గంటల తరవాత, చల్లారాక, మళ్ళీ వేడిచెయ్యకుండా ఇది ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్న వేసుకోగానే సగం వంటలు పక్కకి తప్పుకుంటాయి. ఉప్మా చల్లారితే రవ్వ బిగిసి ముద్దవుతుంది, గరిటెతో తియ్యబోతే పెళ్ళలుగా వస్తుంది. పూరీలు, పెసరట్లు, మిరపకాయ బజ్జీలు మూత పెట్టిన డబ్బాలో తమ ఆవిరికి తామే మెత్తబడిపోతాయి. మూత తీసి తీసుకెళ్తే చల్లగా, తోలులాగా తయారవుతాయి. ఎలా చూసినా నష్టమే. అన్నిటికంటే ఎక్కువ మందిని మోసం చేసేది సేమియా పాయసం. ఇంట్లో గిన్నెలో జారుడుగా కనిపిస్తుంది. సేమియా పాలు పీల్చడం పొయ్యి ఆర్పినంత మాత్రాన ఆగదు. హాల్లో మూత తీసేసరికి అందులో పాలుండవు, తియ్యటి సేమియా ముద్ద ఉంటుంది. అదే చెయ్యాలనుకుంటే వేయించిన సేమియాని నీళ్ళలో ఉడికించి, వార్చి, చల్లార్చి ఒక డబ్బాలో వెయ్యండి. పంచదార, ఏలకుల పొడి కలిపి మరగబెట్టిన పాలు బాగా చల్లబరిచి ఇంకో డబ్బాలో పొయ్యండి. రెండిటినీ వడ్డనకి పది నిమిషాల ముందు కలపండి.

మన వంటల్లో ఈ సమస్యని ఎప్పుడో పరిష్కరించుకున్న శాఖలు ఉన్నాయి. గుడి ప్రసాదం తెల్లవారుజామున వండి, భక్తులు వస్తున్నంతసేపూ పంచేది. రైలు ప్రయాణానికి కట్టుకెళ్ళేది మధ్యాహ్నమో రాత్రో తినేది. కార్తీకమాసంలో ఉసిరి చెట్టు కింద తినే వనభోజనాలకి ఇంటి నుంచి వండి తీసుకెళ్ళే పదార్థాలూ అలాంటివే. పులిహోర, దద్దోజనం, గుగ్గిళ్ళు, వడపప్పు, సున్నుండలు. చల్లారాక తినడం కోసమే పుట్టిన వంటలివి. "అబ్బా, మళ్ళీ పులిహోరేనా" అనేవాళ్ళుంటారు. వాళ్ళకి విసుగు పుట్టించింది పులిహోర కాదు, సరిగా చెయ్యని పులిహోర.

అందుకే పులిహోర దగ్గర కాస్త ఆగుదాం. ముప్పావు కిలో బియ్యానికి లెక్క చెబుతాను. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే 180 మిల్లీలీటర్ల కప్పుతో కొలిస్తే అయిదు కప్పులు. పాత సోనా మసూరి కావాలి. కొత్త బియ్యం ఎంత జాగ్రత్తగా వండినా అంటుకుంటుంది. మామూలుగా కప్పుకి రెండు కప్పుల నీళ్ళు పోసే బియ్యమైతే ఇక్కడ కప్పుకి కప్పుంముప్పావు చాలు. చింతపండు 110 గ్రాములు, నువ్వుల నూనె 130 మిల్లీలీటర్లు, ఉప్పు నాలుగున్నర చెంచాలు అంటే దాదాపు 27 గ్రాములు, పసుపు చెంచాన్నర, బెల్లం చిన్న ముక్క, పచ్చిమిర్చి పన్నెండు, ఎండుమిర్చి ఎనిమిది, వేరుశనగపప్పు 120 గ్రాములు, శనగపప్పు 40, మినప్పప్పు 25, ఆవాలు రెండు చెంచాలు, కరివేపాకు అయిదు రెబ్బలు, ఇంగువ అర చెంచా.

ఆ రోజు పులిహోర తొందరగా అయిపోయేది ముందే చేసి ఉంచుకునే పులుసు వల్ల. చింతపండు గుజ్జుని చీల్చిన పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, బెల్లం, సగం నూనెతో కలిపి చిన్న మంట మీద ఉడికిస్తే ఇరవై అయిదు నిమిషాల్లో దగ్గరపడుతుంది. అంచుల్లో నూనె తేలాలి, గరిటె గీసిన గీత వెంటనే మూసుకోకూడదు. అక్కడిదాకా రాకుండా దించేస్తే పచ్చి చింతపండు వాసన మిగిలిపోతుంది, పులిహోర చల్లారేకొద్దీ ఆ వాసన ముందుకొస్తుంది. ఈ పులుసు వారం ముందే చేసి, తడి లేని గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు. ఆ రోజు మిగిలేది అన్నం, తాలింపు. ముప్పావుగంట పని, అందులో అరగంట కుక్కర్‌దే.

అన్నం ఉడకగానే వెడల్పు పళ్ళెంలోకి తీసి పలచగా పరిచి, రెండు చెంచాల నూనె, కొన్ని పచ్చి కరివేపాకులు చల్లి ఆరనివ్వండి. చాలామంది ఈ మెట్టు ఎగ్గొట్టి కుక్కర్ గిన్నెలోనే కలిపేస్తారు. వేడి అన్నం మెతుకు మెత్తగా ఉంటుంది, గరిటె తగిలితే విరుగుతుంది. విరిగిన మెతుకుల గంజే తరవాత ముద్ద కట్టిస్తుంది. గోరువెచ్చగా అయ్యాక పులుసు, మిగతా నూనెతో పెట్టిన తాలింపు వేసి చేత్తోనో చెక్క గరిటెతోనో కింద నుంచి పైకి తిప్పండి. ఆవపెట్టిన పులిహోర ఇష్టమైనవాళ్ళు ఒక పెద్ద చెంచా ఆవాలు, రెండు పచ్చిమిరపకాయలు, చిటికెడు ఉప్పు కొద్దిపాటి నీళ్ళతో నూరి, అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి. ఆవముద్ద వేడికి తగిలితే ఆ ఘాటు పోతుంది, మరీ ఎక్కువసేపు మిక్సీలో తిప్పితే చేదెక్కుతుంది.

కలిపిన వెంటనే రుచి చూస్తే ఉప్పూ పులుపూ ఒక పిసరు ఎక్కువయ్యాయనిపించాలి. గంట గడిచాక మెతుకు పులుసుని లోపలికి లాక్కుంటుంది, రెండూ తగ్గినట్టు అనిపిస్తాయి. అప్పటికప్పుడు సరిపోయిందనిపించిన పులిహోర బల్ల మీద చప్పగా ఉండేది ఇందుకే. ఇంకొకటి, వేరుశనగపప్పు ఇంట్లో కలపకండి. రెండు గంటల్లో మెత్తబడిపోతుంది. వేయించి ఆరబెట్టి చిన్న పొట్లంలో తీసుకెళ్ళి వడ్డించే ముందు పైన జల్లండి. ఈ ఒక్క పనితో పులిహోర అప్పుడే తాలింపు పెట్టినట్టుంటుంది. శనగపప్పు, మినప్పప్పు మాత్రం తాలింపుతో పాటే పడాలి, అవి కాస్త నానితేనే బాగుంటాయి.

ముందు రోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేద్దామనుకోకండి. ఫ్రిజ్ చలిలో అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుని మెతుకు గట్టిగా, పొడిగా మారుతుంది. మళ్ళీ వేడిచేస్తే మెత్తబడుతుంది గానీ తాలింపు కమ్మదనం తిరిగి రాదు. అల్యూమినియం ఫాయిల్ ట్రేలో గంటల తరబడి ఉంచడమూ మంచిది కాదు, చింతపండు పులుపు ఆ లోహాన్ని తింటుంది. స్టీలు డబ్బాలో తీసుకెళ్ళి ట్రేలోకి అక్కడ మార్చండి. ట్రే అడుగున రెండు అరిటాకు ముక్కలు పరిస్తే ఇంకా మేలు.

నిమ్మకాయ పులిహోర ఇంతకంటే తొందరగా అవుతుంది. చెడిపోవడమూ తేలికే. నిమ్మరసం పొయ్యి మీద ఉన్న మూకుడులో పోస్తే చేదొస్తుంది. తాలింపు దించి, అన్నంలో కలిపి, అన్నం చల్లారాక రసం పిండాలి. గింజలు రాకూడదు, తొక్క మరీ నలిపి పిండకూడదు, చేదు అక్కడిదే. మూడు గంటలు ఆగేదైతే మాత్రం నా ఓటు చింతపండుకే. నిమ్మ వాసన త్వరగా ఎగిరిపోతుంది.

దద్దోజనం సంగతికొస్తే, చాలామంది తప్పు ఒక్కటే, అన్నంలో అంతా పెరుగే కలపడం. ఇంట్లో కమ్మగా ఉన్నది హాల్లో పుల్లబడి, గట్టిపడి కనిపిస్తుంది. రెండు గ్లాసుల బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదపండి. కాచిన పాలు నాలుగు గ్లాసులు కలపండి. చెయ్యి పట్టేంత గోరువెచ్చదనానికి వచ్చాక ఒక గ్లాసు చిక్కటి, పుల్లబడని పెరుగు, ఉప్పు వెయ్యండి. వేడిలో వేస్తే పెరుగు విరిగి పలుకులు కడుతుంది. కలిపినప్పుడు ఇది అన్నంలాగా కాకుండా ఊతప్పం పిండిలాగా జారుడుగా ఉండాలి. చూస్తే భయం వేస్తుంది. ఫర్వాలేదు, పాలు అన్నంలోనే తోడుకుని చిక్కబడతాయి. ఉదయం చేసి మూడు గంటలు బయట తోడుకోనిచ్చి, తరవాత ఫ్రిజ్‌లో పెట్టి, ఐస్ ప్యాకులున్న పెట్టెలో తీసుకెళ్ళండి. ఒక సీసాలో చల్లటి పాలు వెంట ఉంటే బిగిసినప్పుడు కలుపుకోవచ్చు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు చల్లారాక వెయ్యాలి. దానిమ్మ గింజలు వడ్డించేటప్పుడే. ముందే కలిపితే అన్నమంతా గులాబీ రంగు మరకలే. పాట్‌లక్ బల్ల మీద కారాలు, మసాలాలు తిని వచ్చిన నాలుకకి, ఏదీ తినని పిల్లలకి దిక్కు ఈ దద్దోజనమే. దీన్ని చిన్నచూపు చూడకండి.

పొయ్యి వెలిగించడానికి కూడా తీరిక లేని రోజుకి వడపప్పు ఉంది. శ్రీరామనవమికి తప్ప గుర్తు రాదు గానీ ఇంతకంటే మంచి సలాడ్ మనకి లేదు. అర కిలో పెసరపప్పు కడిగి ముప్పావుగంట నుంచి గంట నానబెడితే చాలు, గోటితో నొక్కితే తునగాలి. రెండు మూడు గంటలు వదిలేస్తే జిగురు పట్టి నురగ వాసనొస్తుంది. నీళ్ళన్నీ వడకట్టి పావుగంట పొడిబట్ట మీద ఆరబెట్టండి. పచ్చిమామిడి తురుము, క్యారెట్ తురుము, గింజ తీసిన కీరా ముక్కలు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి మూత పెట్టండి. ఉప్పు, కొబ్బరి, నిమ్మరసం అక్కడికి వెళ్ళాక. ఉప్పు ముందే వేస్తే కీరా, క్యారెట్ నీరు వదిలి అడుగున చెరువు కడుతుంది.

గుగ్గిళ్ళు దీనికి అన్నగారు. అర కిలో శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున్న ఉప్పు వేసి కుక్కర్‌లో నాలుగైదు కూతలు. వార్చాక కిలో పైచిలుకు వస్తాయి. నానబెట్టడం మర్చిపోతే డబ్బాల్లో దొరికే ఉడికించిన కాబూలీ శనగలున్నాయి, అమెరికాలో దొరికే మామూలు డబ్బాలు నాలుగు వడకడితే సుమారు కిలో. డబ్బా నీళ్ళన్నీ పారబోసి రెండుసార్లు కడగండి, వాటిలో అప్పటికే ఉప్పుంటుంది కాబట్టి మీరు వేసేది సగానికి తగ్గించండి. కాగితపు టవలు మీద తడి పూర్తిగా అద్దకపోతే తాలింపులో చిటపటలాడి మొహం మీదకొస్తాయి, పైగా వేగవు, ఉడుకుతాయి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపులో అయిదు నిమిషాలు పెద్ద మంట మీద తిప్పితే చాలు. పచ్చికొబ్బరి వేసవిలో త్వరగా పాచిపోతుంది, అది చివరి నిమిషంలోనే జల్లాలి.

తీపికి సున్నుండలు. గరిటె అక్కర్లేదు, పళ్ళెం అక్కర్లేదు, వారాల తరబడి నిలవుంటాయి. అర కిలో పొట్టు మినప్పప్పుని ఒక చెంచా బియ్యంతో కలిపి చిన్న మంట మీద పావుగంట, ఇరవై నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. సరిగా వేగని పిండి అంగిట్లో అతుక్కుంటుంది, ఆ చెంచాడు బియ్యం పడేది ఆ జిగురు విరగడానికే. చల్లారాక పిండి పట్టి, 400 గ్రాముల పంచదార పొడి, కరిగించిన నెయ్యి 250 గ్రాములు కలిపితే నిమ్మకాయంత ఉండలు ముప్పై వస్తాయి. పిండి వేడిగా ఉండగా పంచదార కలిపితే అది కరిగి ముద్ద జావలాగా జారిపోతుంది. రవ్వకేసరి చేసేవాళ్ళు దాన్ని గిన్నెలో ఉంచకుండా నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి ముక్కలుగా కోసి తీసుకెళ్ళండి. గిన్నెలోది బిగిసిపోతుంది, ముక్కైతే బిగిసినా ముక్కే.

ఇక బిర్యానీ. ప్రతి పాట్‌లక్‌లోనూ ఎవరో ఒకరు ప్రేమతో అయిదు కిలోల దమ్ బిర్యానీ మోసుకొస్తారు. నేను వద్దంటాను. ఫాయిల్ మూత లోపల ఆవిరి నీటిబొట్లయి పై అన్నం మీద పడుతుంది, మెతుకు చితుకుతుంది. అడుగున నెయ్యి గడ్డకడుతుంది. అంతకంటే ముఖ్యం, మాంసం గోరువెచ్చగా గంటల తరబడి ఉండకూడదు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ప్రకారం 4 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారం రెండు గంటలు మించి ఉండకూడదు, బయట ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మాంసాహారం తెచ్చి తీరాలంటే గోంగూర కోడి, గోంగూర మాంసం తెండి. పులుపు ముక్కకి పట్టేకొద్దీ రుచి పెరిగే కూరలవి. ముందు రోజే వండి ఫ్రిజ్‌లో పెట్టి, బయల్దేరే ముందు పొయ్యి మీద మరిగించి, స్లో కుక్కర్‌లోకి మార్చి, హాల్లో ప్లగ్గు పెట్టండి. చల్లటి కూరని నేరుగా స్లో కుక్కర్‌లో పెట్టి వేడెక్కుతుందిలే అనుకోవడం ప్రమాదం. అది వేడిని నిలుపుతుంది గానీ త్వరగా వేడిచెయ్యలేదు.

అన్నం విషయంలోనూ జాగ్రత్త కావాలి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంతో పాటు ఉడికినా చావవు. వండిన అన్నాన్ని లోతైన గిన్నెలో మూతపెట్టి నెమ్మదిగా చల్లారనిస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషాల్లో ఒకటి మళ్ళీ వేడిచేసినా పోదు. పళ్ళెంలో పలచగా పరిచి ఆరబెట్టే మన పులిహోర పద్ధతి అన్నాన్ని త్వరగా చల్లారుస్తుంది, చింతపండు పులుపు బాక్టీరియాని నెమ్మదింపజేస్తుంది. అయినా దాన్ని మర్నాటిదాకా బల్ల మీద వదలడానికి ఇది అనుమతి కాదు.

పైన ముప్పావు కిలో బియ్యమే ఎందుకన్నానో చూడండి. నలభై మంది వస్తున్నారు, పన్నెండు వంటలు. ఒక మనిషి అన్నీ కలిపి అర కిలో తింటాడనుకుంటే మొత్తం ఇరవై కిలోలు, వంటకి కిలోంముప్పావు లోపే. ముప్పావు కిలో బియ్యం పులిహోర రెండు కిలోలు దాటుతుంది, అదే ఎక్కువ. కానీ ప్రతివాళ్ళూ నలభై మందికీ తన వంటే కడుపునిండా సరిపోవాలన్నట్టు నాలుగు కిలోలు వండితే నలభై ఎనిమిది కిలోలు. మిగిలిన ఇరవై ఎనిమిది కిలోలు చెత్తబుట్టకే. అతిథికి తక్కువవకూడదన్న మన పెంపకం మంచిదే, కానీ ఇక్కడ వడ్డించే ఇల్లు ఒకటి కాదు, పన్నెండు. తక్కువ వండితే పని కూడా తేలిక, కొలతలు కూడా తప్పవు. ఇంట్లో వండే గిన్నెకి మూడింతలు వండినప్పుడే ఉప్పు అంచనా తప్పుతుంది, అడుగంటుతుంది.

నిర్వాహకులకీ ఒక మాట. "ఏదైనా తెండి" అంటే అయిదు పులిహోరలు, మూడు గులాబ్ జామ్‌లు వస్తాయి, పెరుగు ఉండదు. వంటల పేర్లు అడక్కుండా గళ్ళు గీసి ఖాళీలు ఇవ్వండి. కలిపిన అన్నం రెండు, పెరుగన్నం ఒకటి, పచ్చి కూరగాయలది ఒకటి, గింజలది ఒకటి, కూరలు మూడు, తీపి రెండు, పళ్ళు, మజ్జిగ. మంచినీళ్ళు, గరిటెలు, విస్తళ్ళు కూడా ఒక గడే. వండటం రానివాళ్ళకి, ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి ఆ గడి గౌరవంగా ఇవ్వండి.

మీ వంటతో పాటు మీ గరిటె మీరే తెచ్చుకోండి. పొడుగు కాడ ఉన్నది, డబ్బాలో పడిపోనిది. కూరలో పెట్టిన గరిటెనే పులిహోరలో పెట్టారంటే శాకాహారులు ఇక ఆ బల్ల వైపు రారు. డబ్బా ముందు ఒక చీటీ అతికించి వంట పేరు కింద అందులో ఏమున్నాయో రాయండి. వేరుశనగ, జీడిపప్పు, పాలు, నెయ్యి, ఆవాలు, నువ్వులు. ఇంగువ కూడా రాయండి. చాలా డబ్బాల ఇంగువలో గోధుమపిండి కలిసి ఉంటుంది, గోధుమ పడనివాళ్ళు బియ్యపు వంటే కదా అని పులిహోర ధైర్యంగా పెట్టుకుంటారు. మీ ఇంటి ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి ఒకసారి చదవండి. గోధుమ ఉంటే చీటీ మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయండి, లేదా ఆ ఒక్క రోజుకి ఇంగువ మానెయ్యండి.